‘స’కీ ‘శ’కీ తేడా తెలిసేదాకా

హోసూరులో పాటల పిచ్చి ఉన్నవాళ్లకి బెంగుళూరు ఎస్పీ రోడ్డు పరాయి ఊళ్లోది కాదు. అత్తిబెలె దాటితే కర్ణాటక, అక్కణ్ణించి ఇంకో బస్సు, మొత్తం నలభై కిలోమీటర్లు. రెసిస్టరు కావాలన్నా, టంకం తీగ కావాలన్నా అక్కడికే. ఆ రోడ్డు పూర్తి పేరు సదర్ పత్రప్ప రోడ్డు. మా కుర్రతనంలోనే సిప్కాట్ పారిశ్రామికవాడ పెరిగింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటితోపాటు మీటరు పట్టడం, టంకం పెట్టడం తెలిసిన చేతులూ ఊళ్లో పెరిగాయి. పగలు ఫ్యాక్టరీలో షిఫ్టు, రాత్రి ఇంట్లో ఆంప్లిఫయరు. నేనూ ఆ గుంపులోవాణ్ణే.

అప్పట్లో మంచి స్పీకర్లంటే కోల్‌కతా సోనోడైన్, బొంబాయి కాస్మిక్. విదేశీ సరుకు మీద 1991కి ముందు సుంకం ఎంతుండేదంటే, ఇంగ్లండు స్పీకర్లు కొత్తవి కొనే ఆలోచనే మాకు రాలేదు. బెంగుళూరులో ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి వెళ్తుంటే వాళ్లు అమ్మే సామానులో దొరికితే దొరికినట్టు. క్రిష్ణగిరి పాతపేటలో ఉండే మా మామయ్యకి అలా ఒక జత దొరికింది. 1970లలో ఇంగ్లండులో చేసిన టూ వే పెట్టెలు, అంటే కింది స్వరాలకి వూఫరు, పైవాటికి ట్వీటరు. టేకు పొర, గోధుమరంగు గుడ్డ, వెనక రెండు పిన్నుల డిన్ సాకెట్టు. మామయ్యది సౌండ్ సర్వీసు. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ అహూజా ఆంప్లిఫయర్లు, హారన్లు కట్టి బతికిన మనిషి. ఊరంతటికీ వినపడే సౌండు పగలంతా పెట్టి, రాత్రి ఇంటికొచ్చి ఈ పెట్టెల ముందు చిన్న గొంతుతో శంకరాభరణం వినేవాడు. కె.వి. మహదేవన్ కట్టిన వీణ, మృదంగం, వాణీ జయరాం గొంతు. ఆ ఇంట్లో అంతకు మించిన విలాసం ఇంకోటి లేదు.

2012లో ఆయన నుంచి కబురొచ్చింది.

“పాట ఒక పక్కకి ఒరిగిపోతా ఉండాది అప్పా. గొంతు నడిమధ్యనే ఉండాది, కానీ మాట చివర ఎడమకి పోతాది. నా చెవుల్లో తేడానో, పెట్టెల్లో తేడానో చూడల్ల నువ్వు.”

చెవుల్లో తేడా అనుకుని ఊరుకోకుండా పెట్టెల్ని కూడా అనుమానించాడు చూడండి, అది యాభై ఏళ్లు సౌండు పని చేసిన మనిషి లక్షణం. నేను నా స్నేహితుణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని, కాయిళ్లనీ కెపాసిటర్లనీ కొలవడానికి ఫ్యాక్టరీ పాత సామాను వేలంలో కొన్న ఎల్సీఆర్ మీటరు సంచీలో పెట్టుకుని వెళ్లాను.

ఆ ఏడాది తమిళనాడులో కరెంటు కోతలు తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. చెన్నై వదిలేస్తే మిగతా జిల్లాల్లో రోజులో సగం సేపు కరెంటు ఉండేది కాదు. అందుకని పగలు విప్పడం, కొలవడం. రాత్రి కరెంటు వచ్చాక టంకం పెట్టడం, వినడం. కొండ మీద కోట ఉండే ఆ పాతపేటలో ఫ్యాన్లు ఆగిపోయిన మధ్యాహ్నం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో స్పీకరు పని చేసేవాడికి బాగా తెలుస్తుంది. వేలితో వూఫర్ అట్టని కొంచెం లోపలికి నొక్కి వదిలితే వాయిస్ కాయిల్ ఎక్కడైనా రాసుకుంటోందా లేదా ఇట్టే వినపడుతుంది. రాసుకోలేదు. రబ్బరు అంచులు మెత్తగానే ఉన్నాయి. ట్వీటర్లు రెండూ మీటరుకి పలికాయి. అంటే జబ్బు మధ్యలో ఉంది, క్రాసోవరులో.

వూఫర్ విప్పి, లోపల కూరిన దూది తీస్తే అడుగున చిన్న అట్టపలక. దాని మీద రెండు కాయిళ్లు, రెండు కెపాసిటర్లు. ఆంప్లిఫయరు నుంచి వచ్చే పాటని రెండుగా చీల్చడమే వాటి పని. కాయిల్ గుండా కింది స్వరాలు సులువుగా పోతాయి, పైవాటికి అది అడ్డం. కెపాసిటర్ అందుకు తలకిందులు. ఈ పెట్టెల్లో వూఫర్‌కి వరసలో అర మిల్లీహెన్రీ కాయిల్, దాని తరవాత అడ్డంగా 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ట్వీటర్‌కి వరసలో 4 మైక్రోఫారడ్లు, అడ్డంగా అర మిల్లీహెన్రీ. ఎనిమిది ఓముల యూనిట్లకి ఈ విలువలు వేసి లెక్కగడితే కోత దాదాపు 3,500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కణ్ణించి ఎనిమిది స్వరాలు, అంటే ఒక స్థాయి, దూరం పోతే 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది.

ఆ 3,500 అనే అంకె తెలుగు చెవికి చాలా ముఖ్యమైన చోటు. మన ‘స’లో ఉండే గాలి చప్పుడు ఎక్కువగా 5,000 దాటిన చోట ఉంటుంది. ‘శ’ అంతకన్నా కింద, మూడు వేల చుట్టుపక్కల మొదలవుతుంది. ‘ష’ ఇంకాస్త కింద. అంటే ఈ పెట్టెల్లో ‘స’ని దాదాపు మొత్తం ట్వీటరే పలుకుతుంది. ‘శ’ని మాత్రం వూఫరూ ట్వీటరూ కలిసి పలకాలి, సరిగ్గా అతుకు మీద. మామయ్యకి మాట చివర ఎడమకి పోయినట్టు వినపడింది ఈ అక్షరాలే. ఊపిరితో పలికేవి.

మీటరు పెట్టాం. ఎడమ పెట్టెలో ట్వీటర్ వరసలోని కెపాసిటర్ 4.2 చూపించింది, దాదాపు కొత్తదే అనాలి. కుడి పెట్టెలోది 5.3, పైగా దాని సొంత నిరోధం రెండు ఓములు దాటింది. అవి నాన్ పోలార్ ఎలక్ట్రోలైటిక్ రకం. లోపల ద్రవంలో తడిసిన కాగితం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మూత గుండా ఆ తడి ఆరిపోతుంది, నిరోధం పెరుగుతుంది, విలువ జరుగుతుంది. ఎనిమిది ఓముల ట్వీటరు ముందు రెండు ఓములు ఊరికే అడ్డం నిలబడితే దాదాపు రెండు డెసిబెల్స్ పోతాయి. కుడివైపు ‘స’ సన్నగిల్లింది, ఎడమవైపుది అలాగే ఉంది. పాట ఒరగదా మరి!

కానీ ఇంకోటి దొరికింది. ఇలాంటి క్రాసోవరులో కోత దగ్గరికి వచ్చేసరికి వూఫర్ అట్ట ముందుకు పోతుంటే ట్వీటర్ వెనక్కి పోతుంది. అందుకని ట్వీటర్ తీగలు కావాలనే తారుమారు చేసి కలుపుతారు. ఎడమ పెట్టెలో అలాగే ఉంది. కుడి పెట్టెలో మాత్రం ఎర్ర తీగ ఎర్ర చుక్కకే ఉంది, ఆ టంకం కూడా కొత్తది. ఎప్పుడో ట్వీటర్ విప్పి చూసిన మెకానిక్కు ఎవరో అది పొరపాటనుకుని ‘సరిచేశాడు’. ఫలితం, 3,500 దగ్గర రెండు యూనిట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ గొయ్యి పడింది. ‘శ’ పడిపోయిన గొయ్యి అదే. రెండో పెట్టె పక్కనే లేకపోతే ఏది అసలుదో తేల్చడం కష్టమయ్యేది. అందుకే జతలో రెంటినీ ఒకేసారి విప్పి పక్కపక్కన పెట్టాలంటాను.

ఇక కెపాసిటర్లు. నా స్నేహితుడు విదేశం నుంచి ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు తెప్పిద్దామన్నాడు. మామయ్య నవ్వి, “4 మైక్రో కండెన్సరా? మన వీధిలోనే దొరుకుతాదే,” అని ఫ్యాన్ల రిపేరు అంగడికి పంపాడు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. సీలింగు ఫ్యాన్లకి వేసే కండెన్సర్లు 2.5, 3.15, 4 మైక్రోఫారడ్లలో వస్తాయి. లోపల ఉండేది పాలీప్రొపిలీన్ ఫిల్మే, ఆరిపోయే తడి అందులో లేదు. 440 వోల్టుల ఏసీకి తట్టుకుంటాయి, స్పీకరు వాటికి పిల్లాట. అంగడాయన పెట్టె మొత్తం మా ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ మీటరుకి తగిలించి, ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న నాలుగు ఏరుకున్నాం. జత సమంగా ఉండటానికి కెపాసిటర్ ధర కన్నా ఈ ఏరుకోవడం ఎక్కువ పని చేస్తుంది.

ఆ రాత్రి వింటే పాట నడిమధ్యకి వచ్చింది. కానీ మామయ్య మొహం విప్పారలేదు. “గొంతు గీరుతా ఉండాది,” అన్నాడు. స్నేహితుడు మటుకు ఇదే అసలైన క్లారిటీ, ఇన్నాళ్లూ మీరు మసక విన్నారు అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, చిక్కంతా అక్కడే. మామయ్య చెవి ఏళ్లతరబడి ఆరిపోతున్న కెపాసిటర్లకి అలవాటు పడింది. మరోపక్క ఫిల్మ్ కెపాసిటర్‌కి నిరోధం దాదాపు లేదు. కొత్తగా ఉన్నప్పుడు కూడా పాత రకానికి కొంత ఉండేది. ఈ పెట్టెలు తయారుచేసినాయన ఆ కొంత నిరోధాన్నీ లెక్కలో వేసుకునే ట్వీటర్ మట్టం పెట్టి ఉంటాడు. మరి ఎవరి చెవిని నమ్మాలి?

బీబీసీ వాళ్లకీ ఇదే ప్రశ్న వచ్చింది. బయటి ప్రసారాల వ్యాన్లలో పెట్టుకోవడానికి వాళ్లు చేసిన ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు గురించి హార్వుడ్, వాటన్, మిల్స్ 1976లో పరిశోధన నివేదిక రాశారు. అందులో కెఫ్ వారి టీ27 ట్వీటర్, బీ110 వూఫర్ వాడారు. ట్వీటర్లు ఒకటి కొంచెం గట్టిగా, ఒకటి కొంచెం మెల్లగా వస్తాయి కాబట్టి క్రాసోవరులో ట్రాన్స్‌ఫార్మర్ లాంటి కాయిల్ పెట్టి, దానికి అనేక కొసలు తీసి, ఏ పెట్టెకి ఏ మట్టం కావాలో ఆ కొసకి టంకం పెట్టేవాళ్లు. వాళ్లు కొలబద్దగా పెట్టుకున్నది పాట కాదు, మనిషి మాట. మాట్లాడే మనిషినీ, స్పీకరులోంచి వచ్చే ఆ మనిషి మాటనీ పక్కపక్కన వినేవాళ్లు.

మేమూ అదే చేశాం. అత్తయ్యకి పోతన భాగవతం నోటికి వచ్చు. పెరట్లో, మామిడిచెట్టు కింద, గోడల గింగురు తగలకుండా కూచోబెట్టి గజేంద్రమోక్షం పద్యాలు చదివించి రికార్డు చేశాం. కరెంటు వచ్చాక రెండు పెట్టెల మధ్య కుర్చీ వేసి ఆమెను కూచోబెట్టాం. ఒక పద్యం అత్తయ్య చదవడం, అదే పద్యం పెట్టె చదవడం. మామయ్య కళ్లు మూసుకుని గోడవైపు తిరిగి కూచున్నాడు.

నేను కెపాసిటర్‌కి వరసలో అర ఓము రెసిస్టర్ తగిలించి వినిపించాను. తీసేసి వినిపించాను. ఒక ఓము పెట్టాను. రెసిస్టర్ లేనప్పుడు అత్తయ్య ‘స’ ఆమె నోట్లోది కాదు, పళ్ల మధ్యనుంచి ఈల వేసినట్టుంది. ఒక ఓముతో ‘శ’కీ ‘స’కీ తేడా మూసుకుపోయింది. అర ఓముతో పెట్టె పలికింది అత్తయ్య పలికినట్టే ఉంది. మామయ్య గోడవైపు నుంచి తిరగకుండానే, “లక్ష్మీ, ఇది నువ్వా, పెట్టెనా?” అన్నాడు. స్నేహితుడు కూడా అక్కడ ఆగిపోయాడు, ఇంకేం వాదించలేదు.

అయినా అతనికి కాయిళ్ల మీద ఆశ పోలేదు. అసలు కాయిళ్లు ఇనుపపొడి గుండు మీద సన్నతీగ చుట్టినవి, నిరోధం 0.6 ఓము. మందం తీగతో గుండు లేని గాలి కాయిల్ చుడితే ఎంత కరెంటు పంపినా బిగుసుకుపోదు కదా అని అతని వాదన. రాయకోట రోడ్డులో వ్యవసాయ పంపుల మోటార్లు తిరగచుట్టే అంగడి ఉంది. ఆ మేస్త్రి మా మాట పూర్తిగా వినకముందే చెక్క బాబిన్ తయారుచేసి, 18 గేజి రాగితీగ తీసుకుని చుట్టడం మొదలుపెట్టాడు. నూటముప్పై చుట్లు దాటాక మీటరు పెట్టి, ఒక్కో చుట్టు విప్పుకుంటూ సరిగ్గా అర మిల్లీహెన్రీ దగ్గర ఆపాడు. చుట్టు మీద చుట్టు ఒక్కచోట కూడా జారలేదు. నిరోధం పావు ఓము. అంత అందమైన కాయిల్ నేను ఎస్పీ రోడ్డులో కూడా చూడలేదు.

పెట్టి విన్నాం. మృదంగం ఎడమ చేతి దెబ్బ ఇంకా బిగువుగా, ఇంకా తొందరగా ఆగింది. నాకు నచ్చింది. కానీ కింది స్వరాల నిండుతనం కొంచెం తగ్గింది. ఆ పాత కాయిల్ నిరోధం కూడా వూఫర్ నడకలో ఒక భాగం, పెట్టె కొలత దాన్ని కలుపుకునే నిర్ణయమై ఉంటుంది. మేం విన్నది బాగా ఉన్న వేరే స్పీకరుని. మామయ్య అడిగింది తన స్పీకరుని. పాత కాయిళ్లే తిరిగి బిగించాం. మేస్త్రి చుట్టిన జతని నా స్నేహితుడు తీసుకెళ్లి, దాని చుట్టూ తనకోసం కొత్త పెట్టెలే కట్టుకున్నాడు. అవి కూడా బాగా పలుకుతాయి.

డిన్ సాకెట్లు తీసేసి బంగారు పూత టెర్మినళ్లు పెట్టాలన్న మాట వచ్చింది. మామయ్య ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. పిన్నుల మీది నలుపు గీకి తుడిచాం, అంతే. తీసేసిన పాత కెపాసిటర్లు నాలుగూ ప్లాస్టిక్ సంచిలో వేసి పెట్టె లోపలి గోడకి మేకు కొట్టాను. పక్కనే ఒక కాగితం మీద ఏది ఎంత కొలిచిందో, ట్వీటర్ తీగలు తారుమారుగా ఉండటం పొరపాటు కాదనీ, అర ఓము రెసిస్టర్ ఎందుకు పెట్టామో తెలుగులోనూ తమిళంలోనూ రాసి అంటించాను. తరవాత ఆ పెట్టె విప్పేది ఎవరో, ఏ ఊరివాళ్లో మనకి తెలీదు కదా.