ముఖం దొరికినవాడు

గోదావరిఖనిలో పెళ్లిళ్లు, చీరల ఫంక్షన్లు, రిటైర్మెంట్ సన్మానాలు వీడియో తీసి బతికేవాణ్ని నేను. బొగ్గు ఊళ్లో రిటైర్మెంట్ సన్మానం పెళ్లికేం తీసిపోదు. శాలువాలు, దండలు, డప్పులు, ఇంటిదాకా ఊరేగింపు. అంతసేపూ బిగబట్టుకుని కూర్చున్న మనిషి ఏ క్షణాన కళ్లు తుడుచుకుంటాడో, అప్పుడు కెమెరా ఎవరి ముఖం మీద ఉండాలో, వెనక ఏ పాట వేస్తే చూసేవాళ్ల గొంతు కూడా పూడుకుపోతుందో కనిపెట్టడమే నాకు వచ్చిన విద్య. కోళ్ల మీద వీడియో తీసినప్పుడు వాడిందీ ఆ విద్యే. కొంప ముంచిందీ అదే.

అప్పటికి కొన్నాళ్లుగా ఆ తరహా సినిమాలు చూస్తున్నాను. షాన్ మోన్సన్ 2005లో తీసిన 'ఎర్త్‌లింగ్స్', క్రిస్ డెల్‌ఫోర్స్ 2018లో తీసిన 'డొమినియన్'. రెండోది ఆస్ట్రేలియా పశుపరిశ్రమ మీద డ్రోన్లతో, షెడ్లలో దాచిపెట్టిన కెమెరాలతో తీసింది. డాక్టర్ హర్ష ఆత్మకూరి మన దేశపు పాల వ్యాపారం మీద తీసిన 'మా కా దూధ్' కూడా చూశాను. అది చూశాక చాయ్ గొంతు దిగడం కష్టమైంది గానీ కొన్నాళ్లకు మళ్లీ అలవాటు పడ్డాను. చికెన్ మాత్రం మానేశాను. ఆదివారం నా ఒక్కడికి పప్పు విడిగా వండాల్సి వచ్చి ఇంట్లో వాళ్లు ఎంత సణుక్కున్నారో అది వేరే కథ.

మన దగ్గర కూడా అలాంటిది ఒకటి తియ్యాలనిపించింది. దూరం పోనక్కర్లేదు, రాజీవ్ రహదారి మీద పొద్దున్నే నిలబడితే చాలు. టీవీఎస్ ఎక్సెల్ వెనక అడ్డంగా ఇనుప కడ్డీ బిగించి, దానికి రెండు వైపులా కోళ్లను కట్టలు కట్టలుగా తలకిందులు వేలాడదీసి దుకాణాలకు వేస్తుంటారు. తెలంగాణలో ఏ ఊళ్లోనైనా కనిపించేదే. నేను బాగా దగ్గరికి పోయి తీశాను. కాళ్లను పురికొసతో బిగించిన చోట తోలు కమిలిపోయి ఉంది. అన్నిటికన్నా కిందున్న కోడి తల రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంది. మెడ పైకి వంచి పట్టుకుంటుంది, బలం చాలక వదిలేస్తుంది, బండి గుంతలో పడగానే మళ్లీ లేపుతుంది. పక్కనే సైలెన్సర్ సెగ. బొగ్గు లారీల వెనక వచ్చినందుకు తెల్లటి ఈకల మీద నల్లటి దుమ్ము. అదీ ఎండాకాలంలో. రామగుండంలో 45 డిగ్రీలు దాటితే మాకు వార్త కూడా కాదు.

వీటిలో ఒక్కటీ నేను కల్పించలేదు. అయితే ఎడిటింగ్‌కు కూర్చున్నాక నాకు విలన్ కావలసి వచ్చాడు. బండి నడిపే పిల్లగాడు దొరికాడు. ఒక దుకాణం ముందు బండి ఆపి, కోళ్ల కట్ట తీసి కింద పడేసి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ నవ్వాడు. లిప్తపాటు నవ్వు. దాన్ని స్లో మోషన్లో సాగదీసి కోడి కన్ను క్లోజప్ పక్కన అతికించాను. ముఖం స్పష్టంగా ఉంది, బండి నంబరూ ఉంది. 'మనసు చచ్చినోడు' అని పేరు పెట్టి వదిలాను.

కాలనీల వాట్సాప్ గ్రూపులు పట్టుకుని అది ఎయిటింక్లైన్ కాలనీ నుంచి ఎన్టీపీసీ దాకా, గోదావరి దాటి మంచిర్యాల దాకా పోయింది. ముక్కూ ముఖం తెలియనివాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు చల్లారకముందే పిల్లగాణ్ని స్టేషన్‌కు పిలిచి బండి పట్టుకున్నారు. ఎవరో దారిలో ఆపి చెంప మీద కొట్టారని తర్వాత తెలిసింది. కోళ్లు వేయించుకునే వ్యాపారి, నీ ముఖం అందరికీ తెలిసిపోయింది, కొన్నాళ్లు ఇటు రాకు అన్నాడట. ఇలాంటి కేసులకు ఉన్నది, రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టాక వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. అందులో మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అప్పట్లో ఆ 50 రూపాయలకు ఎన్ని కోళ్లు వచ్చేవో గానీ ఇప్పుడు అర కిలో చికెన్ రాదు. పిల్లగాడు కట్టుకున్నది మాత్రం ఆ చట్టం రాసిన లెక్క కాదు.

ఆదివారం దుకాణాల ముందు లైను తగ్గలేదు. అది నేను ముందే ఊహించాను. ఊహించనిది ఒకటి జరిగింది. మా వాడకట్టులో ఒక మేడం ఎదురొచ్చి, "నీ వీడియో చూసినంక బండ్ల మీది కోళ్లు తెస్తలేం తమ్మీ. మార్టుల ప్యాకెట్ తెచ్చుకుంటున్నం, నీటుగ ఉంటది" అంది. ప్యాకెట్లోది కూడా బండి మీది కోడిలాగే షెడ్లో పెరిగి, అదే దాణా తిని, అన్నే రోజులు బతికిన కోడి. తేడా ఒక్కటే, కళ్లముందు వేలాడదు. ఊరంతా కదిలిపోయిందని నేను మురిసిపోతుంటే, జరిగిందల్లా కొన్ని కిలోల బేరం చిన్న దుకాణం నుంచి పెద్ద కంపెనీకి మళ్లడం.

అప్టన్ సింక్లెయిర్ గుర్తొచ్చాడు. షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో వలస కార్మికుల బతుకు చూపిద్దామని 1906లో 'ది జంగిల్' నవల అచ్చేశాడు. చదివినవాళ్లు కార్మికుణ్ని వదిలేసి తమ కంచంలో మాంసం శుభ్రంగా ఉందా లేదా అని కంగారు పడ్డారు. ఆ ఏడే అమెరికాలో మాంసం తనిఖీ చట్టం వచ్చింది, కార్మికుడి గోడు వెనక్కి పోయింది. ఆయన కార్మికుణ్ని చూపిస్తే జనం చూడలేదు. నేను కార్మికుణ్ని వేలెత్తి చూపించాను, జనం బాగానే చూశారు.

మా బాపు బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేసి దిగిపోయిన మనిషి. వీడియో నా ఫోన్లోనే చూశాడు. చూసి, "వీడు ఎవల కొడుకు?" అన్నాడు. తెలియదన్నాను.

"తెల్వకుండనే పెట్టినవా?"

ఫోన్ నా చేతిలో పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. అన్నం దగ్గర మళ్లీ తనే ఎత్తుకున్నాడు. "బాయిల బండ వడి మనిషి పోయిననాడు గూడ గిట్లనే మాట్లాడుతరు. సర్దార్ సరిగ సూడలేదు, టింబర్‌మన్ ఆనించలేదు, సచ్చినోడే అజాగ్రత్తగ ఉన్నడు. టింబరు టయానికి ఎందుకు రాలేదని అడిగెటోడు ఒక్కడుండడు."

బాపుకు జీవాల మీద జాలి లేదనుకుంటే పొరపాటు. బాయిలో సద్ది విప్పినప్పుడు ఎలుకలకు నాలుగు మెతుకులు విదిలించేవాళ్లమని ఎన్నోసార్లు చెప్పాడు. ఎలుకలు ఉన్నపళాన ఉరికాయంటే పైన బండ కదిలిందని పాతవాళ్ల లెక్క. అందుకని వాటిని ఎవరూ కొట్టేవాళ్లు కాదట. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1913 ప్రాంతంలో 70,000 దాకా గుర్రాలు భూమి కింద టబ్బులు లాగేవని బాపుకు చెబితే నోరు తెరిచాడు. వాటికోసం గట్టిగా మాట్లాడినవాళ్లలో హ్యారీ లాడర్ అనే పాటగాడు ఒకడు. అతను కుర్రతనంలో గనిలో పనిచేసినవాడే. 1911 గనుల చట్టంలో నాలుగేళ్లు నిండని గుర్రాన్ని గనిలోకి దించకూడదని, ప్రతి 15 గుర్రాలకు పని తెలిసిన ఒక కాపరి ఉండాలని రాశారు. ఇవి గుర్రం తోలే కుర్రవాడు తీర్చగలిగే పనులు కావు, గని నడిపేవాడు తీర్చాల్సినవి. నా వీడియోలో వ్యాపారం నడిపేవాడి నీడ కూడా లేదు.

వీడియో తీసేశాను. నా దగ్గర తీసేస్తే ఏం లాభం, ఫార్వర్డ్ అయినవి తిరుగుతూనే ఉన్నాయి. పిల్లగాడి ఇల్లు కనుక్కుని పోయాను. ఖని శివార్లో రేకుల ఇల్లు. వాళ్లమ్మ కుర్చీ వేసింది, నేనెవరో తెలిశాక చాయ్ పెట్టకుండా లోపలికి పోయింది. పిల్లగాడు మాత్రం అన్నా అనే పిలిచాడు. అంతకుముందు ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టర్ దగ్గర పనిచేశాడు. కాంట్రాక్టు అయిపోగానే అందరినీ ఇంటికి పంపారు. ఇప్పుడు కోడికి ఇంత అని లెక్క. "ట్రేలు పెడితే బండి మీద సగం గూడ పట్టయన్నా. సగం కోళ్లకు సగం పైసలే. మళ్ల తొవ్వల సచ్చిన కోడి పైసలు నా లెక్కలనే కోస్తరు. నేను వాటిని ఊకనే సంపుకుంటనా?"

ఆ రోజు ఎందుకు నవ్వావని అడగలేదు. అడిగే ముఖం లేదు.

"నువ్వు షెడ్డు కాడికి రాలే గదన్నా" అన్నాడు వచ్చేటప్పుడు. నింద వేసినట్టు కాదు, తెలియనివాడికి దారి చెప్పినట్టు అన్నాడు. రాత్రి లిఫ్టింగ్ ఉన్నప్పుడు తనే తీసుకుపోయాడు.

పెద్దపల్లి వైపు ఒక ఊళ్లో పొలం మధ్య పొడుగాటి షెడ్డు. ఎండకు కట్టిన తడి గోనె పట్టాలు ఇంకా వేలాడుతున్నాయి. లోపల అడుగు పెట్టగానే అమోనియా ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లైట్లు తీసేసి ఉన్నాయి, చీకట్లో అయితే కోళ్లు ఎగరవు. ఎగరడానికి వాటికి శక్తి ఉన్నట్టూ కనిపించలేదు. నలభై రోజులకే రెండు కిలోలు దాటే జాతి అది. రొమ్ము బరువుకు కాళ్లు ఆగక చాలా కోళ్లు ఊక మీద చతికిలబడి ఉన్నాయి. ఒకదాన్ని నేను చేతుల్లోకి తీసుకున్నాను. పొట్ట కింద ఈకలు రాలిపోయి తోలు ఎర్రగా ఉంది, వేడిగా ఉంది. చూడ్డానికి పెద్ద కోడి, గొంతు మాత్రం ఇంకా పిల్లదే, కీచుమంటోంది. లిఫ్టింగ్ కుర్రాళ్లు వంగి, ఒక్కో చేత్తో నాలుగైదు కోళ్లను కాళ్లు పట్టి లేపి ట్రేల్లో కుక్కుతున్నారు. నేను రోడ్డు మీద తీసింది ఆ కోళ్ల చివరి గంట. మిగతా నలభై రోజులు ఇక్కడ గడిచాయి.

రైతు మర్యాదగానే మాట్లాడాడు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరి రైతువి. కోళ్లు పోయేటప్పుడు కిలోకు ఇంత అని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. దాణా లెక్కకు మించి తింటే కోత, ఎక్కువ చస్తే కోత. షెడ్డుకు బ్యాంకు అప్పు. ఎన్ని పిల్లలు వెయ్యాలో, ఏ రోజు ఎత్తాలో ఆయన చేతిలో లేదు. కోళ్లకు కొంచెం జాగా ఎక్కువిద్దామన్నా ఆ నిర్ణయం ఆయనది కాదు.

కెమెరా సంచిలో ఉంది. చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "వీడియో బయటికి పోతే మళ్ల పిల్లలు వెయ్యరు సారు."

ఇలాంటి వీడియోలు బయటికి రాకుండా అమెరికాలో చట్టాలే చేశారు. 2012లో ఐడహో రాష్ట్రంలో ఒక డెయిరీలో మెర్సీ ఫర్ యానిమల్స్ సంస్థ మనిషి రహస్యంగా తీసిన వీడియో బయటికొచ్చింది. ఆవులను కొడుతున్న పనివాళ్లు అందులో స్పష్టంగా కనిపించారు. వాళ్ల ఉద్యోగాలు పోయాయి, కేసులు కూడా పనివాళ్ల మీదే పడ్డాయి. ఆ తర్వాత 2014లో ఆ రాష్ట్రం కొట్టేవాళ్లను వదిలేసి వీడియో తీసేవాళ్లను జైల్లో పెట్టే చట్టం తెచ్చింది. అందులో వీడియో తీయడం మీది నిషేధాన్ని 2015లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. మన దగ్గర అలాంటి చట్టం చెయ్యాల్సిన అవసరమే రాలేదు. వచ్చే బ్యాచ్‌కు పిల్లలు వెయ్యకపోతే సరిపోతుంది. ఐడహో సంగతి నేను చదివింది ఈ షెడ్డు నుంచి వచ్చాక. ముందే చదివి ఉంటే పిల్లగాడి ముఖాన్ని మసక చేసేవాణ్నా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చేసేవాణ్ని కాదేమో. ముఖం లేకపోతే షేర్లు రావని నాకు తెలుసు.

మా ఖనిలో కొందరు దుకాణదారులు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని ప్లాస్టిక్ ట్రేలు కొన్నారు. వాళ్లలో ఒకాయన నన్ను పిలిచి మరీ చూపించాడు. "నువ్వు తియ్యకుంటే మేం కొంటుంటిమా?" అన్నాడు, కాస్త గొప్పగానే. ఆ మాట అబద్ధం కాదు. ట్రేల్లో కోళ్లు తల ఎత్తి నిలబడలేవు, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి, కానీ తలకిందులుగా లేవు, రోడ్డు మీద తల రాసుకోవు. ఎండలో పోయేవి తగ్గాయని కూడా చెప్పాడు. ఆ ఆటో వచ్చాక కడ్డీ బండ్లు నడిపే పిల్లగాళ్లలో చాలామందికి పని పోయింది. మనవాడు కూడా వాళ్లలో ఉన్నాడు. ఇప్పుడు సిమెంటు దుకాణంలో హమాలీ. కనిపిస్తే పలకరిస్తాడు, నేనే ముందు తల దించుకుంటాను.

షెడ్డు మీద తియ్యాలని ఇప్పటికీ ఉంది. ముఖాలు లేకుండా, అగ్రిమెంటు కాగితం నుంచి మొదలుపెట్టి, దాణా లెక్కలు, కోతలు, పిల్లలు వచ్చే వ్యాను, మార్టులో ప్యాకెట్ మీద రాసిన పేరు దాకా. పెళ్లి వీడియోలు తీసిన చేతికి ఇదంతా చప్పగా అనిపిస్తుంది, కాగితాన్ని చూసి ఎవరు కళ్లు తుడుచుకుంటారు? అయినా రైతును మళ్లీ అడిగాను. బ్యాంకు అప్పు తీరినంక రా సారు, లైట్లు నేనే వేస్త అన్నాడు. మొన్నటి ఎండాకాలం బ్యాచ్‌లో ఆయనకు చాలా కోళ్లు పోయాయి, కోత పడింది. అప్పు ఇంకొంచెం ముందుకు జరిగింది.