సముద్రం దాటిన పందికొక్కు

ఆస్ట్రేలియాలో చిన్నపిల్లల నోళ్ళలో కూడా నలిగే తెలుగు మాట ఒకటుంది. బ్యాండికూట్. అది మన పందికొక్కే!

కొక్కు అంటే ఎలుక. పందిలా నేల పెళ్ళగించే పెద్ద ఎలుక పందికొక్కు. గాదె కింద కన్నం పెట్టి ధాన్యం ఖాళీ చేస్తుంది. అందుకే మనకది తిట్టు కూడా. అతిగా తినేవాడూ పందికొక్కే, ఊరి సొమ్ము మింగేవాడూ పందికొక్కే.

మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోట్లో 'పంది' 'బ్యాండి' అయింది, 'కొక్కు' 'కూట్' అయింది. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడికొచ్చిన తెల్లవాళ్ళు, పొడుగు ముక్కుతో నేల తవ్వే జంతువును చూసి ఆ పేరే పెట్టేశారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. ఇక్కడిది కంగారూలా పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తల్లి తవ్వుతుంటే మట్టి పిల్లల మీద పడకుండా.

దొంగబుద్ధి మాత్రం మాటతో పాటే వచ్చినట్టుంది. పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వుకుపోవడాన్ని ఇక్కడివాళ్ళు 'బ్యాండికూటింగ్' అంటారు! కానీ ఈ జంతువు మేలే చేస్తుంది. మా పెర్త్ వైపు తిరిగే రకం ఒక్కొక్కటీ ఏడాదికి దాదాపు 4 టన్నుల మట్టి తిరగేస్తుందట. గట్టిపడ్డ నేలలోకి నీళ్ళు ఇంకేది అలాగే.

"ఇక్కడ తెలుగు ఎవరికర్థమవుతుందమ్మా?" అని మా అమ్మాయి అడిగినప్పుడు, "మీ టీచర్‌కి కూడా ఒక తెలుగు మాట వచ్చు" అని ఈ కథ చెప్పాను. పకపకా నవ్వింది. తర్వాత, "మనం పేరు పెట్టకముందు దానికి పేరు లేదా?" అంది.

ఉంది. ఇక్కడి నూంగార్ ప్రజలు దాన్ని 'క్వెండా' అంటారు. ఇప్పుడు పెర్త్‌లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళూ క్వెండా అనే అంటున్నారు. ఎన్నో తరాల పాటు ఆ పేరును వాళ్ళ ఇళ్ళలో ఎవరో పలుకుతూనే ఉండి ఉంటారు కదా!

బడిలో హాజరు పిలిచేటప్పుడు మన పిల్లల పేర్లు కూడా పందికొక్కులాగే ముక్కలవుతాయి. బయట ఎలా పిలిచినా ఫర్వాలేదు. ఇంట్లో మాత్రం పూర్తి పేరుతో, అక్షరం పోకుండా పిలుద్దాం. ఆ పని మనం తప్ప ఇక్కడ ఇంకెవరు చేస్తారు?