సీటు కన్నా ముందు ఒక మాట

క్రితం వేసవిలో అమెరికా నుంచి మా అన్నయ్య కుటుంబం చీరాల వచ్చింది. అన్నయ్య కూతురు అక్కడ హైస్కూలు చివరి సంవత్సరంలో అడుగుపెట్టబోతోంది. రాత్రి డాబా మీద చాపలు పరుచుకుని కబుర్లు చెప్పుకుంటుండగా ఆ పిల్ల, "సెలవులకు ముందు మా కౌన్సెలర్ గారిని కలిసి వచ్చాను బాబాయ్" అంది. నేను అలవాటు కొద్దీ, "కౌన్సెలింగ్ అయిపోయిందా? ఏ బ్రాంచి వచ్చింది?" అని అడిగాను. నా ప్రశ్న ఆ పిల్లకు అర్థం కాలేదు. ఆ పిల్ల ఎందుకు తెల్లబోయిందో నాకు అర్థం కాలేదు. అన్నయ్య పకపకా నవ్వి, "అక్కడ కౌన్సెలింగంటే సీట్లు పంచడం కాదురా, పిల్లలతో మాట్లాడడం" అన్నాడు.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ మాట మన ఇళ్ళలోకి ఎంసెట్ వెంట వచ్చింది. ర్యాంకు వచ్చాక ధ్రువపత్రాల కట్ట చేతబట్టుకుని తండ్రీ కొడుకులు బస్సెక్కేవారు. పెద్ద హాల్లో తమ వంతు కోసం కూర్చునేవారు. ఏ కళాశాలలో ఎన్ని సీట్లు మిగిలాయో చూసి, రెండు మూడు నిమిషాల్లో ఏదో ఒకటి ఎంచుకుని వచ్చేవారు. తరువాత వెబ్ ఆప్షన్లు వచ్చాయి. హాలు పోయి నెట్ సెంటరు వచ్చింది. పరీక్షలోంచి వైద్యం నీట్‌కు తరలిపోయింది. 2021లో మన రాష్ట్రంలో పరీక్ష పేరే ఈఏపీసెట్‌గా మారింది. కౌన్సెలింగ్ అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆలోచన చెప్పడమనే అర్థమున్న మాట, ఆలోచించవలసిన కాలమంతా గడిచిపోయాక జరిగే పంపకానికి పేరై స్థిరపడింది.

మరి ఆ ఆలోచన చెప్పే పని మా ఊళ్ళో ఎవరు చేశారు? చేశారు, అక్కడక్కడా, అప్పుడప్పుడూ. నా సంగతే చెబుతాను.

1994లో నేను పదవ తరగతి గట్టెక్కాను. మాది పేరాలలో నేత ఇల్లు. నాన్న గుంట మగ్గం మీద నేసేవారు, అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్ళం. ఫలితాలు వచ్చిన నాలుగో రోజున మా లెక్కల మాస్టారు సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. నాన్న నాడె ఆపి గుంటలోంచి లేవబోతే, "మీరు కూర్చోండి, పని ఆపకండి" అని తాను అరుగు మీద కూర్చున్నారు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాతో కాక ముందు నాన్నతో మాట్లాడారు. షావుకారు దగ్గర బాకీ ఎంత, వారానికి ఎన్ని చీరలు దిగుతాయి, మజూరీ ఎంత వస్తుంది, ఇవన్నీ అడిగారు. చివరికి, "వీడు కాలేజీకి పోతే కండెలు ఎవరు చుడతారు?" అన్నారు.

ఆ ప్రశ్న వినగానే నాన్న ముఖంలో వచ్చిన మార్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా ఇంట్లో ఎవరూ పైకి అనలేక లోలోపల నలుగుతున్న ప్రశ్న అది. దాన్ని బయటి మనిషి మర్యాదగా అడిగేసరికి జవాబు వెతకడం తేలికైంది. తెల్లవారుఝామున రెండు గంటలు నేను చుట్టేలా, గుంటూరు హాస్టళ్ళ జోలికి పోకుండా ఊళ్ళోనే ఇంటరు చదివేలా నిర్ణయమైంది. ఆ పైన డిగ్రీకి కూడా ఊరు దాటనక్కరలేదనీ, 1951 నుంచీ మనకు వి.ఆర్.ఎస్. అండ్ వై.ఆర్.ఎన్. కళాశాల ఉందనీ మాస్టారు చెప్పారు. అప్పుడు నా వైపు తిరిగి, "ఏ పని చేస్తుంటే నీకు ఆకలి సంగతి గుర్తుండదురా?" అని అడిగారు. లెక్కలన్నాను. అబద్ధం కాదు. నా దారి అలా తేలింది.

ఆయనకు కౌన్సెలర్ అన్న బిరుదు లేదు. కానీ చేసింది అచ్చంగా ఆ పనే. పిల్లవాడి మనసు తెలుసుకోవడం, ఎదుట ఉన్న దారులు చెప్పడం, ఇంటి పరిస్థితితో వాటిని ముడివేయడం. 1908లో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వలస కుటుంబాల యువకుల కోసం వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. మరుసటి ఏడు, ఆయన మరణానంతరం అచ్చయిన పుస్తకంలో చెప్పిన సూత్రం కూడా దాదాపు ఇదే: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల లోకాన్ని తెలుసుకో, రెండింటి పొత్తునూ నిదానంగా ఆలోచించు. మా మాస్టారు ఆ పుస్తకం చదివి ఉంటారనుకోను.

ఇక్కడితో ఆపితే ఇది గురుపూజ వ్యాసం అయ్యేది. కాని నా పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడి సంగతి కూడా చెప్పాలి.

వాడిదీ నేత ఇల్లే, జాండ్రపేటలో. వాడి చేతిలో బొమ్మ ఉండేది. జకార్డు అట్టల కోసం గళ్ళ కాగితం మీద అంచు డిజైను వేస్తే పెద్దవాళ్ళు కూడా వంగి చూసేవారు. ఏ గడిలో పేక పైకి రావాలో, ఎక్కడ పడుగు కిందికి దిగాలో వాడికి కళ్ళు మూసుకున్నా తెలిసేది. లెక్కల్లో మాత్రం అత్తెసరు మార్కులు. మాస్టారు లెక్కలు చెప్పేవారు కనుక లెక్కలు వచ్చిన పిల్లలే ఆయన కంటబడ్డారు. అది ఆయన తప్పు కాదు. ఆయనకున్న సైకిలు ఒకటి, సాయంత్రాలు కొన్ని. వాడి ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. అందరూ చేరుతున్నారని వాడూ ఎంపీసీలో చేరాడు, రెండో సంవత్సరం లెక్కల్లో తప్పాడు, మళ్ళీ మగ్గం గుంటలో దిగాడు.

అప్పటికి రెండేళ్ళ ముందే, 1992లో, వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ మొదలైంది. పది పాసైన పిల్లలకు చేనేత, జౌళి సాంకేతికతలో మూడేళ్ళ డిప్లొమా. చీరాలలో రైలెక్కి గూడూరు మీదుగా వెళితే ఒక్క పూట ప్రయాణం. చేనేత కార్మికుల నాయకుడు, మా చీరాలకు శాసనసభ్యులుగా పనిచేసిన ప్రగడ కోటయ్య గారి పేరునే తరువాత ఆ సంస్థకు పెట్టారు. ముప్పై ఏళ్ళ వయసులో, షావుకారు గారి అబ్బాయి అక్కడ చదువుతున్నాడని తెలిసినప్పుడు గాని మా వాడికి ఈ సంగతి తెలియలేదు. "కోటయ్య గారి మాట మా ఇంట్లో వినపడని రోజు లేదురా. ఆయన పేరున ఒక చదువుందని మాత్రం ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు నాతో. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

సమాచారం లేకపోలేదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం మాకు కూతవేటు దూరం. అక్కడికి వచ్చే పత్రికల్లో ప్రవేశ ప్రకటనలు పడుతూనే ఉండేవి. అయితే ఏం అడగాలో తెలిసినవాడికే గ్రంథాలయం జవాబిస్తుంది. అడగాలన్న సంగతే తెలియని పిల్లవాడి గుమ్మం దాకా అది నడిచి రాలేదు.

ఇక నా తప్పు. 2006లో నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఉన్నాను. సంక్రాంతికి ఊరొస్తే మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క వరస, తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పదిలో ఉంది. "బైపీసీ తీసుకుని బాపట్ల వ్యవసాయ కళాశాలకు పోతానంటోంది, నువ్వైనా చెప్పరా" అంది అక్క. ఆ కళాశాల 1945 నుంచీ ఉంది. మా ఊరికి దగ్గరే. ఎంసెట్ పేరులోనే వ్యవసాయం ఉంది. నేను మాత్రం ఆ పిల్లను ఒక్క ప్రశ్నా అడగలేదు. టీ చల్లారేలోగా, "ఎంపీసీ తీసుకో, కంప్యూటర్సు చెయ్యి, నేను చూసుకుంటాను" అని తేల్చేశాను. ఆ పిల్ల తలూపింది. ఇంజనీరింగు పూర్తిచేసింది, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి మానేసింది. ఇప్పుడొక బ్యాంకులో రైతుల రుణాల కాగితాలు చూస్తోంది. కిందటేడు పెళ్ళిలో కనిపించి, నవ్వుతూనే, "పంట కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి మావయ్యా, పొలమే కనపడదు" అంది. మాస్టారు నా విషయంలో అడిగిన ప్రశ్న నేను ఆ పిల్లను ఎందుకు అడగలేదు? నా దారి నాకు కలిసొచ్చింది కనుక అదొక్కటే దారి అనుకున్నాను. అమెరికాలోనూ హైదరాబాదులోనూ ఉండి, సెలవుల్లో ఊరికి పోయి సలహాలిచ్చే మామయ్యలకూ బాబాయిలకూ ఈ జబ్బు సాధారణమని నా అనుమానం.

అందుకే ఆ పని తెలిసిన మనిషి, బంధుత్వం లేని మనిషి కావాలి. మా అన్నయ్య కూతురు చెప్పిన దాన్ని బట్టి అక్కడ కౌన్సెలరు తొమ్మిదో తరగతిలోనే నాలుగేళ్ళ చదువుకు పథకం వేయిస్తారు. ఏ పాఠ్యాంశం తప్పితే ఏ దారి మూసుకుపోతుందో ముందే హెచ్చరిస్తారు. కళాశాలలకు సిఫారసు లేఖ రాస్తారు, ఆర్థిక సహాయపు దరఖాస్తులు దగ్గరుండి నింపిస్తారు. అక్కడా అంతా సవ్యంగా లేదు. ఒక్కొక్కరికి 250 మంది విద్యార్థులకు మించకూడదని వారి సంఘమే చెబుతుంది, దేశపు సగటు దాన్ని దాటే ఉంటోంది. అయినా ఆ గదికి ఒక తలుపుంది, దాని మీద ఒక పేరుంది.

మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ బడుల్లో మార్గదర్శకులు ఉండాలన్నది. 1964-66 నాటి కొఠారీ కమిషన్, ప్రతి బడికీ ఒకరిని ఇవ్వలేకపోతే పది ఉన్నత పాఠశాలలకు కలిపి తిరిగే కౌన్సెలరునైనా ఇమ్మన్నది. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన ఒక బాలిక కేసులో తీర్పు చెబుతూ, నూరుమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలరునో మనస్తత్వ నిపుణుడినో సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని పెట్టుకోవాలన్నది. పిల్లలతో పాటు తల్లిదండ్రులకు కూడా వృత్తి మార్గదర్శనం చేయాలన్నది. ఒక ప్రాణం పోయాక వచ్చిన మాట అది.

కొఠారీ గారి పది బడుల లెక్క నాకు నచ్చింది. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం... ఒక మనిషి బండి మీద తిరగగలిగిన మేర. ఆ మనిషి సంచిలో ఏముండాలి? ఎనిమిదో తరగతిలోనే రాయవలసిన జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉండాలి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పాలిసెట్, ఐటీఐ, వ్యవసాయ పాలిటెక్నిక్కులు, పది మార్కులతో చేర్చుకునే నూజివీడు తరహా ట్రిపుల్ ఐటీలు, వెంకటగిరి డిప్లొమా, అన్నీ ఉండాలి. వీటి గడువు తేదీలుండాలి. కానీ సంచి తెరవడానికి ముందు ఆ మనిషి అరుగు మీద కూర్చుని, మగ్గం ఆపించకుండా, కండెలు ఎవరు చుడతారని అడగగలగాలి.

మా మాస్టారు ఇప్పుడు లేరు. మిత్రుడు మాత్రం జాండ్రపేటలోనే ఉన్నాడు. ఇప్పటికీ గళ్ళ కాగితం మీద అంచులు వేస్తాడు, అడిగిన వాళ్ళకు ఉచితంగా. వాడి కొడుకు ఈ ఏడు తొమ్మిదిలోకి వచ్చాడు. మొన్న ఫోను చేసి, "వీణ్ణేం చదివించమంటావురా?" అన్నాడు. ఠక్కున జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఫోను వాడికివ్వు" అన్నాను.