తోడెవరొచ్చినారు?

ఆదోనిలో నేను బోర్డు పెట్టి ఇరవై ఆరేళ్ళు. మొదట్లో రోగి వచ్చి కుర్చీలో కూచోగానే "ఏమైంది?" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు నోట్లోంచి ముందొచ్చే మాట వేరు: "తోడెవరొచ్చినారు?" దానికొచ్చే జవాబును బట్టే నేను రాయబోయే చీటీ సగం మారిపోతుంది. ఈ ప్రశ్న నాకు మెడికల్ కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఒక ఐదువందల నోటు నేర్పింది.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. పత్తి మార్కెట్లో మూటలు మోసే హమాలీ ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. కనురెప్ప కిందికి లాగి చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. రక్తం నాలుగు గ్రాములకు పడిపోయింది. నాలుగు మెట్లెక్కి నా గదిలోకి రావడానికే ఆయాసం. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు. కర్నూలు పోయి పెద్దాసుపత్రిలో చేరాలి, రక్తం ఎక్కించాలి, ఎక్కడ పోతోందో కనిపెట్టాలి. ఉత్తరం రాసి, దాంతోపాటు జేబులోంచి ఐదువందలు తీసి ఇచ్చాను. బస్సుకీ తిండికీ సరిపోతుందన్నాను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. దానం చేసినవాడికి పట్టే నిద్ర అది, అందరికీ తెలిసిందే.

పది రోజులకు మళ్ళీ ఆయనే. చేతిలో అదే ఉత్తరం, మడత కూడా విప్పలేదు. మడతలో నా నోటు.

"పోలేదా?"

"యాట్ల పోదు సార్? ఆడ చీటీ రాపిచ్చేదానికి ఒకరు, రక్తానికి తిరిగేదానికి ఒకరు ఉండాలంట. నాకుండేది మా ఆడమనిషి ఒకతే. అది కూలికి పోకుంటే పిల్లోళ్ళకు కూడు లేదు. మీ దుడ్డు మీకిచ్చిపోదామని వచ్చినా."

నాకు మాట రాలేదు. పక్కన రిజిస్టర్ రాసుకుంటున్న మా కాంపౌండర్ తలెత్తకుండానే, "రేప్పొద్దున ఫస్టు బస్సుకు నేను పిల్చకపోతాలే సార్" అన్నాడు. తీసుకుపోయాడు. నాలుగు రోజులు అక్కడే వరండాలో పడుకున్నాడు. ఒక సీసా రక్తం తనే ఇచ్చాడు. ఆ నాలుగు రోజుల జీతం నేను కోసుకోలేదు. ఆ వ్యవహారం మొత్తంలో నా వాటా అంతే.

పేదవాళ్ళకు మందు దొరకదని బయట అందరూ అనుకుంటారు. ఒకప్పుడది నిజం. 2005 నుంచి 108 బండి తిరుగుతోంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. క్షయ మందులైతే ఎప్పటినుంచో ఉచితం. ఇవన్నీ వచ్చాయి కాబట్టే ప్రాణాలు నిలబడ్డవాళ్ళను నా కళ్ళతో చూశాను, కాదనను. కానీ పెద్ద ఆసుపత్రి అంటే ఓపీ చీటీ ఒక కిటికీ దగ్గర, రక్తపరీక్ష ఇంకో అంతస్తులో, ఎక్స్‌రే మరో భవనంలో, సంతకం పెట్టించుకోవలసిన డాక్టరు రౌండ్సులో. నాలాంటివాడికే ఆ బాణం గుర్తులు తికమక. జ్వరంతో, చదువు రాకుండా, ఒంటరిగా వచ్చినవాడు మొదటి వరుసలోనే ఓడిపోయి ఇంటిదారి పడతాడు. మేమేమో రిజిస్టర్లో "రోగి రాలేదు" అని రాసుకుంటాం.

మా పడమటి మండలాల్లో ఇంకో చిక్కుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వాన నమ్ముకున్న నేలలు. దీపావళి దాటిందంటే ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు వైపు పత్తికి, తర్వాత మిరపకాయల కోతకు పోతాయి. దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇళ్ళకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు, బడిలో సగం పిల్లలు. ఉగాదికి గానీ తిరిగి రారు.

ఆ ఊళ్ళలో ఒక కుర్రవాడికి వినాయక చవితి నాటికి క్షయ బయటపడింది. బరువు ముప్పై ఎనిమిది కిలోలు. ఆరు నెలలు వాడాలని చెప్పి ప్రభుత్వ కేంద్రానికి పంపాను, మందులు మొదలుపెట్టారు. దీపావళి తర్వాత కనబడలేదు. సంక్రాంతి ముందు దగ్గులో రక్తం పడుతూ తిరిగొచ్చాడు. నేను తిట్టాను. బాగానే తిట్టాను. తలొంచుకుని విన్నాడు.

వాడి వెనక ఒకావిడ నిలబడి ఉంది. తల్లేమో అనుకున్నా. కాదు, ఆ గుంపును సుగ్గికి తోలుకుపోయే మేస్త్రీ భార్య. చేలో డేరాల దగ్గర ముప్పై మందికి వంట చేసేది ఆమే. నా తిట్లు అయిపోయిందాకా ఆగి, "ఆ మాత్తర్లు మింగితే ఒంటికి పోయేది ఎర్రగా అయితాంది కదా సార్, నెత్తురు పోతాందని భయపడి పారేసినాడంట" అంది.

ఆ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. మంచీ లేదు చెడ్డా లేదు, ఉత్త రంగు. ఈ ఒక్క ముక్క నేను చవితినాడు చెప్పలేదు. ఆ రోజు బయట నలభైమంది ఉన్నారని నాకు నేను చెప్పుకునే సాకు.

మొండి క్షయ కాలేదని పరీక్షలో తేలింది, అదృష్టం. మళ్ళీ మొదటినుంచి మందులు. వాడేమో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తిన్నాడు, తిరిగి పోక తప్పదు. ప్రభుత్వం క్షయ రోగులకు చేసే నిక్షయ్ నమోదులో ఇచ్చే నంబరు చూపిస్తే దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా మందులు కొనసాగించుకోవచ్చు. కాగితం మీద సమస్య లేదు. మిరప చేను మధ్య డేరాలో ఉన్నవాడికి తానున్న ఊరి పేరే సరిగ్గా తెలియదు, ఆసుపత్రికి పోతే ఆ పూట కూలి పోతుంది, జబ్బు సంగతి బయటపడితే గుంపులోంచి తీసేస్తారని భయం. ఆ భయాన్ని మేస్త్రీ భార్యే తీసేసింది. రెండు వారాలు సరిగ్గా మందు పడితే అంటించే గుణం చాలావరకు తగ్గుతుందని చెబితే, "అయితే ఆ రెండు వారాలు ఇంటికాడ పండుకోనీ, అడ్వాన్సు సంగతి మావాడితో నేను మాట్లాడతా" అంది. తర్వాత నన్ను అడిగింది: "రోజుకు మూడు మాత్తర్లు సరే. బువ్వకు ముందా, తర్వాతనా?"

పరగడుపున మంచిది, కడుపులో తిప్పితే కొంచెం తిని వేసుకోవచ్చన్నాను. ఆవిడ మందుల పొట్లం చీర కొంగులో ముడేసుకుంది. ఉగాది తర్వాత వచ్చినప్పుడు ఖాళీ అట్టలన్నీ బియ్యం సంచిలోంచి తీసి బల్ల మీద పేర్చింది. పొద్దున పొయ్యి ముట్టించగానే ముందు వాడి చేత మాత్రలు మింగించేదట, తర్వాతే ఎసరు. ఆర్నెల్లు నిండేసరికి వాడు నలభై ఏడు కిలోలు. ఆవిడ వాడికి ఏ వరసా కాదు.

ఆ తొమ్మిది కిలోల గురించి, అంటే తిండి గురించి, కొంచెం చెప్పాలి. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పెద్ద అధ్యయనం చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. క్షయ రోగి ఇంట్లోవాళ్ళకు ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇస్తే, వాళ్ళలో కొత్తగా క్షయ వచ్చేవాళ్ళు దాదాపు నలభై శాతం తగ్గారు. కొత్త మందు కాదు, కొత్త టీకా కాదు, బియ్యం, పప్పు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో మీరూ నేనూ ఎవరైనా ఒక రోగిని ఎంచుకుని ఆర్నెల్లు తిండి సరుకులు ఇవ్వొచ్చు. మా ఊళ్ళో బట్టల కొట్టు ఆయన ఇద్దరిని తీసుకున్నాడు. మొదటి నెల బిస్కెట్లు, హార్లిక్స్ సీసా, ఆపిల్ పండ్లు, ఒక ఫోటో. అన్నా, కందిపప్పు, బుడ్డలు, నూనె, గుడ్లు ఇయ్యన్నా, ఆపిల్ పండు నువ్వే తిను అన్నాను. కాస్త నొచ్చుకున్నాడు గానీ ఇచ్చాడు. మూడో నెలనుంచి మనిషితో పంపకుండా తనే మూట తీసుకుపోతున్నాడు. ఫోటోలు ఎప్పుడో మానేశాడు.

పుట్టినరోజుకు వార్డులో బ్రెడ్డు, అరటిపండ్లు పంచేవాళ్ళ మీద నాకు కోపం లేదు. షుగర్ రోగికి కూడా రెండేసి ఇచ్చిపోతారే, అదే బాధ.

షుగర్ అంటే గుర్తొచ్చింది. మా వీధి చివర కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో ఒక అవ్వ ఇన్సులిన్. అవ్వకు ఉన్నది రేకుల గది, మా ఎండలకు మే నెలలో అందులో మనిషే ఉడికిపోతాడు. ఎండకు కాగిన ఇన్సులిన్ నీళ్ళతో సమానం. మట్టి కుండలో తడి ఇసక పోసి పెట్టుకోమని చెప్పాను. కుండ తెచ్చుకుంది, ఇసక తడపడం మర్చిపోయేది. కొట్టతను ఎవరూ అడక్కుండానే డబ్బా పెట్టుకున్నాడు. అవ్వ పొద్దున ఏడింటికి వచ్చి సూది వేయించుకుంటుంది. వేసేది కొట్టతని పెద్దపిల్ల, ఇంటర్ చదువుతోంది, మా నర్సు నేర్పింది. ఒకనాడు ఎనిమిదిన్నరకు కొట్టతను ఫోన్ చేశాడు: "అవ్వ రాలేదు సార్." పోయి చూస్తే చెమటలు పట్టి, మాట తడబడుతూ మంచం మీద ఉంది. ముందురోజు రాత్రి ఏమీ తినలేదట, షుగర్ పడిపోయింది. చక్కెర నీళ్ళు తాగిస్తే పది నిమిషాల్లో లేచి నన్నే తిట్టింది, ఇంత పొద్దున ఇంటి మీదికి వచ్చినావేమని. ఆ ఫ్రిజ్‌కు అయ్యే కరెంటు ఖర్చు ఎంతో నాకు తెలియదు. ఆ ఫోను ఖరీదు మాత్రం తెలుసు.

సుగ్గి లారీ రేపు బయలుదేరుతుందనగా ఇవాళ మేస్త్రీ భార్య వచ్చింది. ఈ ఏడు గుంపులో ఇద్దరు మందులు వాడుతున్నారు. అట్టలు లెక్కపెట్టి తీసుకుంది, ఎవరివి ఎన్నో నాకే తిరిగి అప్పజెప్పింది. లేచి పోబోతూ గోడ పట్టుకుని దగ్గింది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, "అదేం లేదు సార్, మిరప ఘాటు" అంది. ఇంకా మిరప చేలోకి పోనేలేదు కదమ్మా అన్నాను. నవ్వింది. జాకెట్టు భుజాల దగ్గర వదులైంది, ఇప్పుడు చూశాను.

"నీకు తోడెవరొచ్చినారు?"

"నాకెందుకు సార్ తోడు?"

కఫం డబ్బా చేతికిచ్చి, మా కాంపౌండర్ను వెంట పంపాను. పరీక్ష ఫలితం రేపు మధ్యాహ్నానికి వస్తుంది. లారీ తెల్లారి ఐదింటికి. మేస్త్రీకి ఫోన్ చేశాను, మోగింది గానీ ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి? ముప్పై మందికి వంట ఎవరు చేస్తారని అడుగుతాడు ముందు. మళ్ళీ చేస్తున్నాను.