ఫైల్ చెప్పని భాష

ఫైల్‌లో అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ అక్షరమో చెప్పేదే ఎన్‌కోడింగ్. కొన్ని ఫైళ్లు ఆ సంగతి మొదట్లోనే చెప్పేస్తాయి. మొదటి మూడు బైట్లు 239, 187, 191 అయితే యూటీఎఫ్-8. మొదటి రెండూ 255, 254 అయితే సాధారణంగా యూటీఎఫ్-16. ఈ గుర్తు లేకపోయినా యూటీఎఫ్-8లో తెలుగు ఇట్టే దొరికిపోతుంది. అచ్చయినా, హల్లయినా, గుణింతపు గుర్తయినా మూడేసి బైట్లు: మొదటిది 224, రెండోది 176 లేదా 177. 'అ' అంటే 224, 176, 133.

మా తాతయ్య కథల ఫైల్‌లో ఈ వరస ఎక్కడా లేదు. డీటీపీ షాపులో పాత ఫాంట్‌తో కొట్టించారు. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తగిలించేవి. అందుకే ఏ ప్రోగ్రామ్‌కి చూపించినా అది తెలుగని చెప్పదు. ఫాంట్ పేరు తాతయ్యకే తెలుసు, ఆయన ఇప్పుడు లేరు.

ఇంట్లో ఒక్క పేజీ ప్రింటవుట్ మిగిలింది. దాన్ని పక్కన పెట్టుకుని ఏ కోడ్ ఏ ముక్కో పట్టిక రాస్తున్నా. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, ఒత్తుల్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఇప్పటికి 41 తేలాయి.

మీ ఇంట్లోనూ అలాంటి ఫైళ్లుంటే, ఫాంట్ పేరు ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి.