పేరు పెట్టని పాపము



మన సంఘములలో ప్రార్థన చేయుమనగానే చాలమంది "ప్రభువా, మేము ఘోర పాపులము" అని మొదలుపెట్టుదురు. మంచి మాటయే. అయితే ఆ మాట పలుకుటకు ఎవరికిని సిగ్గు కలుగదు. "ఫలానా కూలిమనిషికి నేను ధాన్యము తక్కువ కొలిచితిని" అని చెప్పవలసివచ్చినప్పుడే గొంతు పట్టుకొనును. ఏండ్ల తరబడి ప్రార్థించినను ఒక పాపము మనలను విడువకున్నదంటే, దానికి మనము ఇంకను పేరు పెట్టలేదేమో విచారించుకొనవలెను.

51వ కీర్తన మొదటి రెండు వచనములలోనే దావీదు మూడు మాటలు వాడెను. హెబ్రీ భాషలో 'పెషా' అనగా తిరుగుబాటు. మన బైబిలులో అది అతిక్రమము. 'అవోన్' అనగా వంకరతనము, అది దోషము. 'హత్తాత్' అనగా గురి తప్పుట, అది పాపము. ఈ మాటలు ఆయన నోటికి ఊరక రాలేదు. బత్షెబ సంగతి జరిగెను, ఊరియా చంపబడెను, రాజు మాత్రము సింహాసనముమీద నిశ్చింతగా తీర్పులు తీర్చుచుండెను. నాతాను ప్రవక్త బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పగా మండిపడి, నాలుగంతలు ఇయ్యవలసినదేనని తీర్పు చెప్పెను. పరుని దొంగతనము విషయములో ధర్మశాస్త్రము ఎంత చక్కగా జ్ఞాపకమున్నదో చూడుడి! ఆ దొంగ రాజేయని ప్రవక్త తేల్చి చెప్పిన తరువాతగాని ఒప్పుకోలు రాలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయము ప్రకారము, పొరుగువానిని మోసగించినవాడు అపరాధపరిహారార్థబలి తెచ్చుటయే కాక, తీసికొన్నదానిని తిరిగి యిచ్చి, దానికి అయిదవ వంతు కలుపవలెను. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననెను. ఇది క్షమాపణను కొనుట కాదు. జక్కయ్య ఒక్క కాసైనను ఇయ్యకమునుపే ప్రభువు అతని పేరు పెట్టి పిలిచి అతని యింట దిగెను గదా. అట్లని ప్రతి పాపమును సంఘమంతటి యెదుట చాటవలెనని నేను చెప్పను. దానివలన కొన్నిచోట్ల కొండెములే పెరిగినవి. దేవునికిని, నష్టపడినవానికిని చెప్పిన చాలును.

నేనెరిగిన ఒక సంఘపెద్ద కలడు. కోతపండుగకు రెండు బస్తాలు తప్పక తెచ్చువాడు. "అయ్యగారూ, మోకరించితే ప్రార్థన పైకి పోవుట లేదు" అని నాతో అనుచుండెడివాడు. ఉపవాసములుండెను, ఉజ్జీవ కూటములకు పోయెను. తుదకొక రాత్రి బయటపెట్టెను. ఏటేట గట్టు చెక్కునప్పుడు తనవైపు చెక్కి, ఆ మట్టిని ప్రక్కనున్న విధవరాలి మడివైపు వేయుచు, మూరెడు నేల కలుపుకొనెనట. సరిహద్దు రాయి తీసినవానికి శాపము కలదని ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో చదివినవాడే. ఆ అధ్యాయము వచ్చినప్పుడెల్ల పుట త్రిప్పివేయుచుండెనట.

నాట్లకు ముందు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని, పార భుజాన వేసికొని ఆమె యింటికి పోయి, "వదినా, నీ నేల మూరెడు నా మడిలో ఉన్నది" అని చెప్పెను. ఆమె ఏడ్వలేదు, క్షమించితిననియు అనలేదు. చేనికి వచ్చి నిలువబడి, గట్టు వెనుకకు జరిపిన తరువాత తన చేతితోనే మూర వేసి చూచుకొనెను. అన్ని యేండ్ల పంటకు లెక్క కట్టి, అయిదవ వంతు పైన కలిపి ఆయన ధాన్యము కొలిచి యిచ్చెను. ఊరిలో కొందరు నవ్విరి. "నీవు చెప్పకున్న ఎవరికి తెలియును?" అని స్వంత బంధువులే మందలించిరి.

తరువాతి కోతపండుగనాడు, "ఇప్పుడు ప్రార్థన ఎట్లున్నదయ్యా?" అని అడిగితిని.

"పోవుచున్నదయ్యగారూ. కాని గట్టు చెక్కునప్పుడు పార ఇప్పటికిని అటే లాగుచున్నది" అనెను. అందుచేత ఆ పని ఒంటరిగా చేయుట మానుకొనెనట. వదిన కొడుకును అవతలివైపు నిలువబెట్టుకొని, ఇద్దరును కలిసి చెక్కుచున్నారు.