గ్లాట్‌ నది... ఒక నురగ కథ

స్విట్జర్లాండ్‌ అనగానే మంచుకొండలూ వాటి మధ్య మన సినిమా పాటలూ గుర్తొస్తాయి. జ్యూరిక్‌ విమానాశ్రయంలో దిగినవాళ్లెవరూ ఆ పక్కనుంచే పోయే గ్లాట్‌ నదిని పట్టించుకోరు. గ్రైఫెన్‌జే సరస్సులో పుట్టి, 36 కిలోమీటర్లో ఎంతో నడిచి రైన్‌లో కలిసిపోతుంది. గోదావరిని చూసిన కళ్లకి అది పిల్లకాలువే! కానీ మనం బట్టలుతికిన నీళ్లు చివరికి ఏమవుతాయో తెలుసుకోవాలంటే ఈ ఒడ్డుకే రావాలి.

జ్యూరిక్‌లో లోకల్‌ రైలెక్కితే పావుగంటలోపే డ్యూబెన్‌డార్ఫ్‌. 1936లో మొదలైన ప్రసిద్ధ నీటి పరిశోధన సంస్థ ఎయావాగ్‌ ఉన్నదిక్కడే.

1950ల్లో డిటర్జెంట్లు వచ్చిన కొత్తలో ఐరోపా నదులు నురగలు కక్కాయి. ఆ రసాయనాల అణువులకు కొమ్మలెక్కువ, బ్యాక్టీరియాకి కొరుకుడు పడేవి కావు. జర్మనీ 1961లో చట్టం తెచ్చింది. కంపెనీలు కొమ్మల్లేని తిన్నని అణువులకు మారాయి, నురగ తగ్గింది. అంతా హాయి అనుకున్నారు.

అయితే 1984లో వాల్టర్‌ గిగర్‌ బృందం మురుగుశుద్ధి కేంద్రాల బురదలో నోనైల్‌ఫినాల్‌ని పట్టుకుంది. ఇది ఎవరూ కలిపింది కాదు. కొన్నిరకాల క్లీనింగ్‌ రసాయనాలను బ్యాక్టీరియా చెరకుగడలా నమిలి, వదిలేసిన పిప్పి. అసలుదానికన్నా ఈ పిప్పే చేపలకు ఎక్కువ హాని! నీళ్లలో కరగడం ఇష్టంలేక బురదను అంటిపెట్టుకుంటుంది. ఆ బురదనేమో అప్పట్లో పొలాలకు ఎరువుగా చల్లేవారు.

దీనికి చలి తోడు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే బ్యాక్టీరియా వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మనం ఫొటోలు దిగే మంచు కరిగి మురుగుకాలువల్లో కలిసిందంటే ఇక్కడి ప్లాంటు సిబ్బందికి తలనొప్పే. అందుకే చలికాలంలో బురదను ట్యాంకుల్లో ఎక్కువ రోజులు అట్టిపెడతారు. బురదంటే బ్యాక్టీరియానే కదా... పని నిదానించింది కాబట్టి పనివాళ్లని ఎక్కువమందిని ఉంచుకోవడమన్నమాట!

1991లో అమెరికాలో ఆనా సోటో బృందం నోనైల్‌ఫినాల్‌ ఈస్ట్రోజెన్‌ హార్మోన్‌లా ప్రవర్తిస్తుందని చెప్పాక సంగతి మరింత ముదిరింది. స్విట్జర్లాండ్‌ 1986లోనే డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లను నిషేధించింది. 2003 నుంచి బురదను పొలాలకు వెయ్యడం దశలవారీగా ఆపేసి, కాల్చడం మొదలుపెట్టింది. బ్యాక్టీరియా వదిలేసిన మందుల అవశేషాల్లాంటివాటి పనిపట్టడానికి 2014లో డ్యూబెన్‌డార్ఫ్‌లోని నాయ్‌గూట్‌ ప్లాంటులో ఓజోన్‌ వాయువును వాడటం ప్రారంభించారు. ఆ దేశంలో పూర్తిస్థాయిలో అదే మొదటిది.

ఈ కథలో మనకీ పాత్ర ఉంది. నోనైల్‌ఫినాల్‌ పుట్టే రసాయనాలు బట్టల మిల్లుల్లోనూ వాడతారు. కొత్త చొక్కాని ఉతికినప్పుడు మిగిలింది మురుగులోకి పోతుంది. అందుకే 2021 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో అమ్మే ఉతికే బట్టల్లో అవి 0.01 శాతానికి మించకూడదు. ఎక్కడ నేసినాసరే, మన తిరుపూర్‌లో కుట్టినాసరే.